ధర్మకాంటలో పన్నెండో లారీ

"యంత్రానికి చుట్టం లేడు, పక్కం లేడు మేడం. మక్సూద్ మీద దానికేం పగ ఉంటది?"

కల్వకుర్తి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దశరథం ఆ మాట అని టోపీ తీసి, లారీలను తూచే ధర్మకాంట గదిలోని బల్లమీద పెట్టాడు. ఎదురుగా జులేఖా నిలుచుని వింటోంది. నల్గొండలో రెండు గదుల పరిశోధక కార్యాలయం నడుపుతున్న ఆమె, అంతకుమునుపు హైదరాబాదులో కంప్యూటరు ప్రోగ్రాములు రాయడమూ, ఇతరులు రాసినవాటిలో తప్పులు వెదకడమూ వృత్తిగా చేసుకుని బతికింది. తప్పును పట్టదలచినవారు ముందు దాన్ని సాంతం మాట్లాడనివ్వాలన్నది ఆ రోజుల్లో ఆమెకు పట్టుబడిన పాఠం. మనుషుల విషయంలోనూ ఆ పద్ధతినే పాటించేది.

"మొదటి నుంచి చెప్పండి సార్. ఫైల్ల చదివిన గని, మీ నోట వినలేదు."

"ఏమున్నది వినడానికి? అంగడినాడు పొద్దుగూకంగ శ్రీశైలం రోడ్డు మీద గొర్లను తోలుకొస్తున్న జానయ్యను లోడు లారీ గుద్దింది. గొర్లు అక్కడికక్కడ చచ్చినయి. మనిషి కొంతసేపు కొట్టుకుని పోయిండు. ఆగి ఎత్తుకొచ్చి దవాఖానల పడేస్తే బతికెటోడని డాక్టరే అన్నడు. ఆ జాముల ఈ కాంటా మీదికెళ్లి ఆ దిక్కు పోయిన లోడు లారీ ఒక్కటే. దాని నంబరు మిషన్ల ఉన్నది. నలభై ఒకటి డెబ్బై రెండు. మక్సూద్ బండి. గొర్లు తొవ్వకు అడ్డమొచ్చినయని ఆ వారమే చాయ్ హోటల్ కాడ ఇద్దరు తిట్టుకున్నరు. ఇంకేం గావాలె మీకు?"

"లోడు లారీ అంటున్నరు. తెల్లారి మక్సూద్‌ను ఈ ఆవరణల్నే పట్టుకున్నరు. బండి ఖాళీ. మరి బస్తాలేడ పోయినయి?"

"ఎక్కడ్నో దింపిండు. పక్క గేటుకెళ్లి తిరిగొచ్చి, ఏమెరగనోని లెక్క పండుకున్నడు."

"బంపరు మీద నెత్తురు?"

"కడిగిండు."

"కడిగిన తడి చూసిండ్రా?"

"ఎండకాలం మేడం. తడి మా కోసం ఆగుతదా?" దశరథం చిన్నగా నవ్వాడు. "తర్వాత మీరేం అడుగుతరో సుత నాకెరికె. ప్రోగ్రాముల తప్పున్నదేమో అంటరు. అదీ చూపించిన. రాసిన కంపెనీకే పోయిన, హైదరాబాదుకు. వాళ్ల పెద్ద మిషన్ మీద ఇదే ప్రోగ్రాము తోలి, పన్నెండు లారీలు ఎక్కించి దింపి చూసిండ్రు. ఒక్క నంబరు అటిటు కాలె. తప్పు లేదని రాసిచ్చిండ్రు."

జులేఖా తల ఆడించింది. కంపెనీవారు అబద్ధం రాసి ఉంటారని ఆమెకు తోచలేదు. తమ యంత్రం మీద తప్పు కనబడలేదని వారన్నమాట నిజమే అయి ఉండాలి. అయితే కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకు సందులోనే ఇప్పుడొక మనిషి ప్రాణం ఇరుక్కుని ఉంది. మక్సూద్‌ను ఆ ఉదయమే మహబూబ్‌నగరుకు పంపించారు. మధ్యాహ్నం కోర్టులో అతనిమీద హత్యానేరం మోపబోతున్నారు. మోపిన తరువాత ఆ ముద్రను చెరపడం ఎంత కష్టమో ఇన్‌స్పెక్టరుకూ తెలుసు, ఆమెకూ తెలుసు. జిల్లా ఎస్పీ ఫోనులో చెప్పిన మాటకు కట్టుబడి, కోర్టు కూర్చునేదాకా ధర్మకాంటను పరీక్షించుకోవడానికి ఆమెకు అనుమతి ఇచ్చాడు దశరథం. మనసుకు మాత్రం ఇష్టం లేదు.

గడప అవతల, గోడనీడలో, జులేఖాకు ఈ పని అప్పగించిన మక్సూద్ తల్లి ఖాదర్‌బీ కూర్చుని ఉంది. నల్గొండలో తెల్లవారుజాము బస్సు ఎక్కి వచ్చింది. కొడుకుకు తెచ్చిన రొట్టెల మూట ఒళ్లోనే ఉండిపోయింది. ఆమె చేరేసరికి కొడుకును తీసుకుపోయారు.

గదిలో మరి ఇద్దరున్నారు. కిటికీ పక్కన గద్దెమీద, తెల్లని ధోవతి, నుదుట నామం, చేత తులసిమాలతో ధర్మకాంట యజమాని బుచ్చయ్య సేటు. కంప్యూటరు ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని, లారీల నంబర్లు ఎక్కించే ఐలేశం. జులేఖా కుర్చీని ఐలేశం పక్కకు లాక్కుని కూర్చుంది.

"ఐలేశం, లారీ గేటుల అడుగుపెట్టిన కాడికెళ్లి బైటికి పొయ్యేదాకా ఏమేం చేస్తవో చెప్పు. నాకు కాంటా సంగతి తెల్వదనుకో."

"ఏమున్నది మేడం. ఖాళీ బండి వస్తది, తూస్తం, నంబరు ఎక్కిస్త. లోపల గోదాముల కాడ పల్లికాయ బస్తాలు నింపుకుంటది. మళ్ల కాంటా మీదికి వస్తది. తూసి చీటీ కొడ్త. పోతది."

"ఒక బండి కాంటా మీదుండంగ ఇంకోటి గేటు కాడికొస్తే?"

"అంగడినాడైతే గట్లనే వస్తయి. హారన్లు కొట్టి పాణం తింటరు. తూకం ముల్లు నిలిచేటాలకు జర టైం పడ్తది గద, ఆ సందుల గేటు కాడి బండి నంబరు ఎక్కిస్త. పని ఆగకుంటది."

"అంటే కాంటా మీద బండి చీటీ ఇంక కొట్టకముందే, గేటు కాడి బండి నంబరు మిషన్లకు పోతది."

"అవ్."

"అంగడినాడు మక్సూద్ నంబరు ఎక్కించినప్పుడు కాంటా మీద ఏ బండున్నది?"

ఐలేశం కళ్లు ఒక్క క్షణం గద్దెవైపు పోయి, తిరిగి మీటల మీద వాలాయి. "యాదికి లేదు మేడం. మస్తు బండ్లొచ్చినయి."

"అంటే మక్సూద్ గేటు కాడ ఉన్నడు. కాంటా మీద వేరే బండున్నది. అంతవరకు యాదికున్నది."

దశరథం దగ్గాడు. "సాక్షికి మాటలు అందించొద్దు మేడం."

"అందిస్తలేను సార్. వాడు కింద పడేసిన మాటనే ఏరుకుంటున్న." 

ఆమె లేచి బయటికి నడిచింది. ఇన్‌స్పెక్టరు వెంట వచ్చాడు. కాంటా ఇనుపపలక నేలకు సమంగా పరచి ఉంది. దానిమీదినుంచి ఆమె గేటు దాకా పోయి, వెనుదిరిగి చూసింది. బయటికి పోయే లారీ ముఖం గేటువైపే ఉంటుంది. పొద్దుగూకిన వేళ దాని దీపాలు గేటులో ఆగినవాడి కళ్లలోనే సూటిగా పడతాయి. కాంటామీద ఏదో లారీ ఉంది, లైట్ల వెలుతురుకు మనిషి కనబడలేదని విచారణలో మక్సూద్ చెప్పిన మాటను దశరథం తప్పించుకునే మాటగా రాసుకున్నాడు. ఇక్కడ నిలబడి చూస్తే అది తప్పించుకునే మాట కాదు, ఉన్నమాట.

"చూసిండ్రా సార్?"

"చూసిన. కనబడలేదన్నంత మాత్రాన వాడు గేటు కాడున్నట్టు రుజువైతదా?"

"కాదు. రుజువు లోపలున్నది."

తిరిగి గదిలోకి వచ్చి ఆమె కంప్యూటరు తెరను శ్రద్ధగా చూసింది. ఆవరణలో ఉన్న లారీల నంబర్లు ఒకదాని కింద ఒకటిగా తెరమీద నిలుస్తాయి. ఆ వరుసకు తలమీద, నంబరు ఉండవలసిన చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' అని ఉంది.

"ఇదేంది సేటూ?"

బుచ్చయ్య మాల తిప్పడం ఆపకుండానే చెప్పాడు. "మొదటి జాగా దేవునిది బిడ్డా. మా తాతల నాటికెళ్లి గంతే. కల్లంల మొదటి మానిక గింజలు పక్కన పోస్తం, రెండో మానికకెళ్లి మాది. ఈ మిషను వెట్టినప్పుడు కంపెనీ పిలగానికి అదే చెప్పిన. మొదటి వరసల బండి నంబరు పెట్టకు, అండ్ల శ్రీ అని రాయి, తర్వాతకెళ్లి బండ్లు అన్న. మంచిగనే రాసిండు."

"అంతకుముందు మొదటి జాగాల సుత బండి నంబరే ఉండెనా?"

"ఉండె. నేనే మార్పిచ్చిన."

"ఆవరణల ఎన్ని బండ్లు పడ్తయి?"

"పన్నెండు. పదమూడోది వస్తే గేటు బైటనే నిలవెడ్తం."

జులేఖా సంచిలోనుంచి చదరపు ఫ్లాపీ తీసింది. కంపెనీ నుంచి తెచ్చుకున్న అసలు ప్రోగ్రాము, సి భాషలో రాసింది, అందులో ఉంది. దాన్ని తెరమీదికి తెచ్చి నెమ్మదిగా చదువుకుంటూ పోయింది. లారీల వరుసకు కేటాయించిన స్థానాలు పన్నెండు. సి భాషలో వరుస సున్నాతో మొదలవుతుంది; కాబట్టి సున్నా నుంచి పదకొండు దాకా. పిల్లవాడు మొదట సరిగానే రాశాడు. సేటు కోరిక మీద సున్నా స్థానాన్ని దేవునికి విడిచి, లారీలను ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఒకటి నుంచి పన్నెండు. దేవునికి ఒకటి, లారీలకు పన్నెండు, కలిపితే పదమూడు. అయినా వరుస పొడవు మాత్రం పన్నెండుగానే మిగిలిపోయింది.

ఆమెకు గుండె కొంచెం తేలికపడింది. అయినా ముఖంలో ఆ సంగతి కనబడనివ్వలేదు. తప్పు ఉండడం ఒక సంగతి, ఆ తప్పే ఆనాడు పనిచేసిందని చూపడం మరొక సంగతి.

"సార్, ఇప్పుడు మీ ముంగటనే తోలి చూపిస్త. పదకొండు బండ్లు లోపల. అండ్ల ఒకదాన్ని కాంటా మీదికి తెస్త. పన్నెండోది గేటు కాడికి వస్తది. చీటీ ఎవరి పేరున పడ్తదో చూడండి."

పరీక్ష జరుగుతుండగా లోపలి లెక్క కళ్లకు కనబడాలని, లారీల వరుసకు పక్కనే, ఒక అంకెను దాచుకునే చిన్న గుర్తును కొత్తగా చేర్చి, ప్రోగ్రామును మళ్లీ తయారుచేసింది. ఐలేశం చేత పదకొండు ఉత్తుత్తి నంబర్లు ఎక్కించింది. మూడో లారీని కాంటామీదికి పిలిచింది. పన్నెండో నంబరు ఎక్కించమన్నది. ముద్రణయంత్రం కిర్రుమని కదిలి చీటీ బయటికి వచ్చింది.

చీటీ మీద మూడో లారీ నంబరే ఉంది. ఉండవలసినదే ఉంది.

దశరథం చీటీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగున్నది మేడం. హైదరాబాదుల చూసిందే ఇక్కడ సుత చూసిన. ఇప్పుడు నేను రాసుకోవాల్నా, మీరు రాసిస్తరా, తప్పు లేదని?"

"జర ఆగండి."

"ఆగుత. కోర్టు ఆగదు."

ఆమె కళ్లు మూసుకుంది. ఒకే ప్రోగ్రాము. అదే యంత్రం. పరిస్థితులు అవే. మారింది ఏమిటి? మారినది ఒక్కటే: తాను. వరుస పక్కన తాను చేర్చిన గుర్తు. ఆ ఆలోచన పూర్తిగా రూపుకట్టినప్పుడు ఆమె తనలో తాను నవ్వుకుంది. వరుస దాటి పడిన పన్నెండో నంబరు ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఈసారి దెబ్బ తగిలింది, చూడటానికి తాను నిలబెట్టిన ఆ గుర్తుకే. కొత్తగా వచ్చినవాడు ఆ సందులో కూర్చుని, పక్కవాడికి తగలవలసినదాన్ని తాను కాచుకున్నాడు.

ఆ గుర్తును తొలగించి, అక్షరం మార్చకుండా అసలు ప్రోగ్రామునే తయారుచేసింది. "ఐలేశం, ఇంకొకసారి. అదే వరస."

పదకొండు నంబర్లు. కాంటామీద మూడో లారీ. గేటులో పన్నెండోది. చీటీ.

ఈసారి దశరథం చీటీని వెలుతురులో పెట్టలేదు. బల్లమీదనే ఉంచి రెండు చేతులూ దానికి అటూ ఇటూ ఆనించి చదివాడు. కాంటామీద నిలిచింది మూడో లారీ. చీటీ పడింది గేటులో ఉన్న పన్నెండో లారీ పేరున. లోడు తీసుకుని వెళ్లిపోయినట్టుగా.

"ఇంకొకసారి," అన్నాడు.

మళ్లీ అదే వచ్చింది. మరొకసారి, వేరే నంబర్లతో. మళ్లీ అదే.

"మీరేదో మాయ చేస్తున్నరు మేడం. ఇందాక రాలె, ఇప్పుడొచ్చింది. హైదరాబాదుల రాలె, ఇక్కడ వచ్చింది. ఇసొంటిది నేను జడ్జి ముంగట ఏమని చెప్పాలె?"

"పంక్తిల కూసోని బువ్వ తిన్నరు గద సార్. పన్నెండు మందికి సరిపడ పన్నెండు విస్తళ్లు వరుసగ వేసిండ్రు అనుకోండి. మొదటి విస్తరి దేవునికని వదిలిపెట్టి, తక్కిన వాళ్లను కూసోమన్నరు. పన్నెండో మనిషి ఏడ కూసుంటడు?"

"పంక్తి అవతల."

"కూసుంటడు. వడ్డించెటోడు లేపాలె గద అంటరు మీరు. ఈ సి భాష వడ్డించెటోనికి కండ్లు లేవు. పన్నెండో విస్తరి అంటే మొదటి విస్తరికెళ్లి ఇన్ని మూరల దూరం అని లెక్క వెట్టి ఆడ వడ్డిస్తది. ఆడ విస్తరి ఉన్నదా, ఉత్త నేల ఉన్నదా, ఇంకెవరన్న కూసున్నరా, చూడదు."

గద్దెమీద తులసిమాల నెమ్మదించింది.

"హైదరాబాదు ఇంట్ల పంక్తి అవతల ఉత్త నేల సార్. ఆ పెద్ద మిషను వస్తువులను ఎడంగ పేరుస్తది, నడుమ సందులిడుస్తది. అన్నం నేలపాలైంది, ఎవ్వరికీ తెల్వలె. ఇక్కడ ఇల్లు ఇరుకు. చిన్న మిషను, అన్నీ తాకించి పేరుస్తది. పంక్తికి ఆనుకునే ఇంకొక మనిషి కూసున్నడు. వాని పేరు కాంటా మీది లారీ. పన్నెండో బండి నంబరు పోయి వాని విస్తట్ల పడ్డది. వాని నంబరు చెరిగి, దీని నంబరు నిలిచింది. ఇందాక నేను వాళ్లిద్దరి నడుమ ఒకణ్ని కూసుండవెట్టిన. అందుకే దెబ్బ వానికి తగిలి, చీటీ మంచిగొచ్చింది."

జులేఖా తెరవైపు తిరిగి, వరుస పొడవు అన్నచోట పన్నెండు చెరిపి పదమూడు పెట్టింది. మరేదీ ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టరును తన కుర్చీలో కూర్చోబెట్టి, నంబర్లను అతని చేతనే ఎక్కింపజేసింది. చీటీ సరిగా వచ్చింది. మళ్లీ పన్నెండు పెట్టించింది. తప్పుగా వచ్చింది. పదమూడు. సరి. ఆ అంకెను తన వేలితో తానే మార్చి చూసుకున్న తరువాత దశరథం ముఖంలోని నవ్వు పూర్తిగా వెళ్లిపోయింది. ఓడినవాడి ముఖం కాదది. లెక్క తప్పిందని గ్రహించి మొదటినుంచి కూడుకుంటున్నవాడి ముఖం.

కాసేపటికి అతడు కుర్చీని చర్రున వెనక్కి లాగి ఆమెవైపు తిరిగాడు.

"సరే మేడం. మిషను తప్పు చేసింది, ఒప్పుకుంట. అయితే ఒకటి చెప్పండి. అంగడి వారం వారం అయితది. ప్రతి అంగడికీ ఇక్కడ ఆవరణ నిండుతది. అంటే ప్రతి అంగడికీ ఈ తప్పు పడాలె. ఒకని చీటీ ఇంకొకని పేరున పడితే లారీ డ్రైవరు ఊకుంటడా? కాంటా కూలగొట్టి పోతడు. ఈ మిషను వెట్టి ఏడాదాయె. ఒక్కడు లొల్లి పెట్టలె. ఎందుకు?"

జులేఖా అతనివైపు గౌరవంగా చూసింది.

"ఆ మాట మీ నోట రావాలనే చూస్తున్న సార్. వారం వారం ముల్లు గుచ్చుకుంటుంటే ఒక్కడూ అబ్బా అనలేదంటే, ఎవరో వారం వారం ముల్లు తీస్తున్నరన్నట్టు." ఆమె కుర్చీని మెల్లగా పక్కకు తిప్పింది. "అంతే గద ఐలేశం?"

ఐలేశం చేతులు ఒళ్లోనుంచి బల్లమీదికి, బల్లమీదనుంచి ఒళ్లోకి కదిలాయి.

"నిన్ను తప్పు పడుతలేను. నువ్వు మంచిపనే చేసినవు. చీటీ కొట్టంగనే తప్పు చూసి కలంతోని దిద్ది డ్రైవరుకు ఇచ్చెటోనివి. మిషన్ల నంబరు సంగతి?"

"పొద్దుమూకినంక దిద్దుతుంటి." తల వంచుకుని చెప్పాడు. "కాంటా బందువెట్టి, దేవుని కాడ దీపం పెట్టి, కూసోని, తప్పు వడ్డయన్నీ మిషన్ల సరిచేసి ఇంటికి పోతుంటి. కంపెనీకి చెప్దమంటే..." మళ్లీ గద్దెవైపు చూశాడు. "చెప్తే దేవుని జాగా తీసెయ్యమంటరని సేటు వద్దన్నడు. నువ్వు దిద్దుతున్నవు గద, నడవనీ అన్నడు."

"ప్రతి అంగడికీ దిద్దినవు. ఆ అంగడికి ఎందుకు దిద్దలె?"

ఐలేశం మీటల మీది దుమ్మును వేలితో తుడవసాగాడు. మరొకరైతే బెదిరించేవారు. జులేఖా ఊరుకుంది. నిజాన్ని కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లు నిద్రలేకుండా తిరిగిన మనిషిని తొందరపెట్టవలసిన అవసరం లేదని ఆమెకు తోచింది.

"వాణ్ని అడుగకు బిడ్డా."

బుచ్చయ్య సేటు మాలను కళ్లకద్దుకుని గద్దెమీద పెట్టాడు.

"వాడు నా ఉప్పు తిన్నోడు. నా పేరు చెప్పడు. దిద్దొద్దన్నది నేనే."

దశరథం లేచి నిలుచున్నాడు. జులేఖా కూర్చున్నచోటనే ఉండి అడిగింది.

"కాంటా మీద ఉన్నది ఎవరి లారీ సేటూ?"

"నాదే."

"తోలింది?"

"డ్రైవరు జ్వరమొచ్చి రాలె. సరుకు ఆగొద్దని నా కొడుకు తోలిండు. ఐలేశం దిద్దుదమనుకుంటుండంగనే, ఆగకుండ చీటీ గుంజుకుని పోయిండు. దీపం పెట్టే యాల్లకు ఇంటికొచ్చి కాళ్ల మీద పడ్డడు. గొర్లు అడ్డమొచ్చినయి, మనిషి కనవడలె, భయమై ఆగలె అన్నడు. నేను ఉరికి వచ్చి చూస్తే ఐలేశం మిషను ముంగట కూసున్నడు, దిద్దబోతున్నడు. తెర మీద వేరే నంబరున్నది. నా కొడుకుది కాదు." సేటు చూపు తెరమీదికి, 'శ్రీ' అన్నచోటికి పోయింది. "నేనేం రాయలె బిడ్డా. ఉన్నదాన్ని ఉండనియ్యమన్న. గంతే. దేవుడే అట్ల పెట్టిండేమో అనుకున్న."

"దేవునికి జాగా ఇచ్చిండ్రు సేటూ. మనిషి జాగా గుంజుకున్నరు," అన్నది జులేఖా. ఆ మాటలో కోపం లేదు. అందుచేతనేమో అది ముసలివాని తలను వంచింది.

ఆమె ఇన్‌స్పెక్టరువైపు తిరిగింది. "సార్, కోర్టుకు ఫోను చెయ్యండి. ఛార్జిషీటు ఆపమనండి. సేటు కొడుకును ఎవరన్న పొయ్యి..."

దశరథం ఫోను అందుకోలేదు. అతని చేయి బల్లమీది టోపీమీద ఆగిపోయింది. అతడు అంతగా తెల్లబోగా జులేఖా చూడటం అదే మొదలు.

"ఏమైంది సార్?"

"పొద్దుగాల మా జీపు కదలలె మేడం. ఇంజను పట్టేసింది. మక్సూద్‌ను ఏ బస్సుల పంపుదునా అని చూస్తుంటే, చిన్న సేటు, గదే ఈయన కొడుకు, వాళ్ల జీపు తీసుకుని స్టేషన్ కాడికి వచ్చిండు. ఊరి పని, నేనే తోలి దింపొస్తనన్నడు. ఎనక మక్సూద్, పక్కన ఒక్క కానిస్టేబుల్." బుచ్చయ్యవైపు తిరిగాడు. "సేటే పంపిచ్చిండనుకున్న."

"నేనా?" బుచ్చయ్య లేవబోయి గద్దె అంచు పట్టుకున్నాడు. "నేను పంపలె. జీపు సంగతే నాకు తెల్వదు. పల్లికాయ బేరానికి పోయిండనుకున్న." ఒక్క క్షణం ఆగి, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు. "రాత్రి బువ్వకాడ అడిగిండు. గేటు కాడ మక్సూద్ నన్ను చూసిండంటవా బాపూ, అని. చూసినా ఎవడు నమ్ముతడురా అన్న. ఇంకొక్కసారి అడిగిండు."

మక్సూద్ ఎవరినీ చూడలేదు. లైట్ల వెలుతురు తప్ప మరేమీ చూడలేదు. ఆ సంగతి ఈ గదిలోని వారికి తెలుసు. జీపు తోలుతున్నవానికి తెలియదు. నిందితుడు దారిలో పారిపోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడని చెబితే, నేరమూ అతనితోనే మట్టిలో కలిసిపోతుంది. ఇక ఏ యంత్రాన్నీ ఎవరూ పరీక్షించరు.

దశరథం అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. మహబూబ్‌నగరు తోవలోని జడ్చర్ల స్టేషను పలికింది. అతడు రెండే మాటలు అడిగాడు, చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి, టోపీ తలమీద పెట్టుకుని, జులేఖాతో తగ్గుగొంతుతో చెప్పాడు.

"ఎనిమిదింటికి పోయిన జీపు. పన్నెండైంది. చెక్కుపోస్టు కాడ పొద్దుటికెళ్లి మనిషి నిలవడి ఉన్నడంట. జడ్చర్ల రాలేదంటున్నరు."

అతడు పెద్ద అడుగులతో బయటికి పోయాడు. ఎవరినో మోటారుసైకిలు తాళం అడుగుతున్న అతని గొంతు వినబడింది. జులేఖా గడప దాటేసరికి ఖాదర్‌బీ లేచి నిలబడి ఉంది. లోపలి మాటలన్నీ ఆమెకు అందలేదు గాని, ఇన్‌స్పెక్టరు ముఖం అందింది.

"ఏమన్నరు బిడ్డా? ఇడుస్తరా నా పోరణ్ని?"

జులేఖా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మక్సూద్ ఏ తప్పు చెయ్యలేదమ్మా. రుజువైంది. సీఐ సార్ ఒప్పుకున్నడు."

ఖాదర్‌బీ ఆకాశంవైపు చూసి, అల్లాకు శుక్రియా చెప్పుకుని, రొట్టెల మూటను కొంగుతో మళ్లీ జాగ్రత్తగా కట్టింది. "రొట్టెలింక మెత్తగనే ఉన్నయి. ఎక్కడున్నడు చెప్పు, పోయి తినిపిస్త."

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ వేళకు ఏ తోవలో జీపు తోలుతున్నాడో, తోలుతూనే ఉన్నాడో, ఎక్కడైనా ఆపాడో, జులేఖాకు తెలియదు.